మీకు తెలుసా? మజిల్ కారు ధర ఇంజన్ నంబరులో ఉంటుంది

1960ల చివర, 70ల మొదట్లో అమెరికాలో తయారైన మజిల్ కార్లను (శక్తిమంతమైన ఇంజన్ ఉన్న కార్లను) బాగుచేసి అమ్మకానికి పెడితే, తెలిసిన కొనుగోలుదారు మెరిసే రంగు కన్నా ముందు ఇంజన్ నంబరు చూస్తాడు. ఛాసిస్ నంబరు చివరి అంకెలే ఇంజన్ బ్లాకు మీదా ఉంటే, అది ఫ్యాక్టరీలో బిగించిన ఇంజనేనని భరోసా. ఇంజన్ మారిన కారు కన్నా అలాంటిది చాలా ఎక్కువ పలుకుతుంది. పాత అంకెలు గీకేసి కొత్తవి కొట్టే మోసాలూ ఉన్నాయి కనుక కాగితాలు కీలకం. ప్లిమత్, డాడ్జ్ కార్లలో ఫ్యాక్టరీ బిల్డ్ షీటు (కారును ఎలా తయారుచేయాలో రాసిన కాగితం) ఒక్కోసారి వెనక సీటు స్ప్రింగుల్లో ఇరుక్కుని దొరుకుతుంది. మరకలు పడి, అంచులు చిరిగినా సరే, దాని విలువ తగ్గదు.

బాడీకి అయస్కాంతం ఆనించి చూడటం మరో పరీక్ష. ఉక్కు రేకు మీద అది పట్టు తప్పిన చోట పుట్టీ మందంగా పూసి ఉంటుంది; దాని కింద ఏముందో పైకి కనబడదు. అందుకే మరమ్మతుకు ముందూ మధ్యలోనూ తీసిన ఫోటోలు అమ్మేవారికి గొప్ప ఆధారం.

బాగుచేయడానికి పెట్టిన ఖర్చు చాలాసార్లు తిరిగి రాదు. అరుదైన కార్ల సంగతి వేరు: డజనుకు మించకుండా తయారైన 1971 ప్లిమత్ హెమీ కుడా కన్వర్టిబుల్‌లలో ఒకటి 2014లో అమెరికా వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది.