షెల్టర్ కుక్కను ఇంటికి తెచ్చుకునే ముందు



"మనమూ ఒక కుక్కను పెంచుకుందాం" అని పిల్లలు అడగని ఇల్లు యర్రగొండపాలెంలో అరుదే. ఇప్పుడు ఆ మాటకు ఇంకో కారణం తోడైంది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోని వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, షెల్టర్లకు తరలించాలని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. వాటిని పట్టిన చోట మళ్లీ వదలకూడదు. ఇలా లోపలికి వెళ్లినవి బయటికి రావాలంటే ఎవరో ఒకరు పెంచుకోవాలి. లేకపోతే షెల్టర్ కిక్కిరిసిపోతుంది, పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులు ఒకదాని నుంచి ఒకదానికి పాకుతాయి.

హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ 1992 నుంచి, విశాఖలో వీఎస్‌పీసీఏ 1996 నుంచి ఈ పని చేస్తున్నాయి. తిండి, వైద్యం ఉన్నా బోనులోని కుక్క బెదిరిపోతుంది. మూలన నక్కుతుంది, లేదా ఆపకుండా మొరుగుతుంది. చూడటానికి వచ్చినవాళ్లు "ఇది కరిచేలా ఉంది" అని వెళ్లిపోతారు. అమెరికాలో జరిపిన పరిశీలనల్లో తేలింది ఏమిటంటే, జనం ఎక్కువగా తమ పక్కన వచ్చి పడుకున్న కుక్కనే ఎంచుకున్నారు. ఒకటి రెండు రాత్రులు ఎవరింట్లోనైనా ఉంచితే కుక్కల్లో ఒత్తిడి తగ్గింది కూడా. మిస్సోరీలో బడిపిల్లలు బోను బయట కూర్చుని కుక్కలకు కథల పుస్తకాలు చదివి వినిపిస్తారు. బెదురు కుక్కలు మెల్లగా ముందుకొస్తాయి. పిల్లలకు చదవడమూ అలవాటవుతుంది, అది వేరే లాభం!

కాబట్టి ఒక్కసారి చూసి తీర్మానించకండి. ఇంట్లో అందరూ వెళ్లి, కాసేపు బోను బయట దానితో గడపండి. రంగు, జాతి కన్నా ముఖ్యం: పగలు ఇంట్లో ఎవరుంటారు? పాపం, మన ఎండల్లో మిద్దె మీద గొలుసుతో కట్టేస్తే అది బతకదు. తెచ్చిన కొత్తలో తినకపోయినా, దాక్కున్నా కంగారు పడొద్దు. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు పిల్లల్ని దగ్గరికి పోనివ్వద్దు. రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి, పశువైద్యుడు చెప్పినట్టు ఏటా వేయించాలి. నచ్చలేదని వీధిలో వదిలేయడానికి వీల్లేదు. దత్తత తీసుకున్న కుక్క మళ్లీ వీధికి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవారిదేనని 2025 ఆగస్టు 22 నాటి ఉత్తర్వులోనే కోర్టు చెప్పింది.

ఏ కుక్క కరిచినా, గీరినా గాయానికి కారం, సున్నం పెట్టొద్దు. ధారగా పోసే నీళ్లలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. టీకా అక్కడ ఉచితం.