ఫలితం బాగుంటే చాలా?

అపోహ: ఫలితవాదమంటే ‘పని కావాలి, దారి ఏదైనా ఒకటే’ అనడం.

వాస్తవం: ఓటుకు నోటు పంచినవాడు ‘గెలిస్తేనే కదా సేవ చేసేది’ అంటాడు. పాపం, ఆ నింద ఫలితవాదానికి మూలపురుషుల్లో ఒకడైన ఇంగ్లీషు తత్వవేత్త బెంథామ్ మీద పడుతోంది. 1789లో వచ్చిన తన పుస్తకంలో ఆయన కోరింది, ఒక పనివల్ల ఎవరెవరికి ఎంత సుఖమో ఎంత దుఃఖమో మొత్తం కూడి చూడమని. ఓటు అమ్ముడుపోవడం, గెలిచాక ఆ పెట్టుబడి రాబట్టుకోవడం కూడా ఫలితాలే. ఖర్చు పేజీ చించేసి జమ మాత్రం చూపిస్తే అది దొంగలెక్క.

అపోహ: చివరికి మంచే జరిగితే చేసినవాడిది తప్పేం లేదు.

వాస్తవం: తప్పతాగి కారు నడిపినవాడు ఎవరినీ గుద్దకుండా ఇల్లు చేరాడనుకోండి. ముందుగా ఊహించగల ఫలితాన్నే చూడాలనే ఫలితవాదులకు అది తప్పే. జరిగినదాన్నే లెక్కలోకి తీసుకునేవాళ్లు కూడా అతణ్ని మందలించకుండా వదలరు. మందలించడమూ ఒక పనేననీ, దాని మంచిచెడ్డలు వేరే చూడాలనీ 1874లోనే ఇంగ్లీషు తత్వవేత్త సిడ్జ్‌విక్ చెప్పాడు.

అపోహ: ఇదంతా పాశ్చాత్యుల గొడవ. మనకు ‘ఫలితం ఆశించకు’ అన్న గీత ఉంది.

వాస్తవం: ఆశించకు అంటే ఆలోచించకు అని కాదు. ఆ గీత చెప్పిన కృష్ణుడే మహాభారతం కర్ణపర్వంలో అర్జునుణ్ని ఆపాడు. తన విల్లు గాండీవాన్ని ఇంకొకరికిచ్చెయ్యమన్నవాణ్ని చంపుతానని అర్జునుడి ఒట్టు. కర్ణుడి చేతిలో దెబ్బతిని శిబిరం చేరిన ధర్మరాజు కోపంలో ఆ మాటే అన్నాడు, తమ్ముడు కత్తి దూశాడు. అప్పుడు కృష్ణుడు కౌశికుడి కథ చెప్పాడు: నిజమే పలుకుతానని వ్రతం పట్టిన ఆ తాపసి, అడవిలో దాక్కున్నవాళ్ల జాడ దొంగలకు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. దాక్కున్నవాళ్లు చచ్చారు, ఈయన నరకానికి పోయాడు. మరి ఒట్టు సంగతి? పెద్దవాణ్ని నువ్వు అని నాలుగు మాటలంటే చంపినట్టేనని కృష్ణుడే ఉపాయం చెప్పాడు. ఆయన్ను ఫలితవాది అనేయలేం, ఒట్టుకూ ఏదో చెల్లింపు ఉండాలన్నాడు మరి. కానీ ఫలితం చూడొద్దని మాత్రం అనలేదు.

అపోహ: ఫలితవాదాన్ని కాదనేవాళ్లకు ఫలితాలు పట్టవు.

వాస్తవం: పడతాయి. 1958లో ఈ వాదానికి ఇంగ్లీషు పేరు పెట్టిన తత్వవేత్త ఎలిజబెత్ ఆన్‌స్కమ్ దీన్ని తిట్టడానికే ఆ పేరు పెట్టింది. అంతకు రెండేళ్ల ముందు, హిరోషిమా మీద బాంబు వేయించిన అమెరికా మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌కు ఆక్స్‌ఫర్డ్ గౌరవ పట్టా ఇవ్వబోతే ఆమె ఎదురు నిలిచింది. ఫలితాలు చూడొద్దని కాదు, అమాయకుల్ని కావాలని చంపడం అసలు బేరానికే పెట్టకూడదన్నది ఆమె పట్టు.

నాకు ఇంతకన్నా గట్టిగా తోచే అభ్యంతరం 1973లో తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ లేవనెత్తింది. జార్జ్ అనే రసాయన శాస్త్రవేత్తకు ఉద్యోగం లేదు, ఇంట్లో పిల్లలున్నారు. రసాయన ఆయుధాల ప్రయోగశాలలో పని దొరికింది. అతనికది గిట్టదు. కానీ అతను వద్దంటే, ఆ పనిని ఉత్సాహంగా చేసే మరొకడు చేరతాడు. లెక్క వేస్తే చేరిపోవడమే మేలు. ఆ లెక్కలో జార్జ్‌కు ప్రాణప్రదమైన విలువలకు చోటెక్కడ అని విలియమ్స్ అడిగాడు. ఫలితవాదులు దానికి ఇప్పటికీ రకరకాల జవాబులు రాస్తూనే ఉన్నారు.