కళ్లు తెరిచే ఉన్నా కనిపించదు!

"కళ్లెదురుగానే ఉందిగా, కనిపించలేదా?"

ఈ మాట ఒక్కసారైనా పడని ఇల్లాలు ఉందంటే నేను నమ్మను. పసుపు డబ్బా ముందు వరసలోనే ఉంటుంది, మనం మాత్రం వెనక డబ్బాలన్నీ కదిపేస్తుంటాం. పొయ్యి ముందే నిలబడి ఉంటాం, పాలు పొంగి కిందికి కారేదాకా తెలియదు. అవతలివాళ్లు దానికి పరాకు అని పేరు పెట్టేస్తారు. ఇంకాస్త పెద్దవాళ్లయితే 'ధ్యాసంతా ఎక్కడో ఉంటుంది ఈ పిల్లకి' అంటారు. ఈ రెండో మాటలో, అన్నవాళ్లకే తెలియని నిజం చాలా ఉంది.

నేను ఒక మహిళా కళాశాలలో చాలా ఏళ్లుగా సైకాలజీ చెబుతున్నాను. ఏకాగ్రత పాఠం వచ్చిన రోజున పుస్తకం కన్నా ముందు ఒక చేటలో కందిపప్పు తీసుకెళ్తాను. నల్లరాయి ఒకటి వేసి వెతకమంటే చూడగానే చూపిస్తారు. పప్పు రెట్టింపు పోసినా ఆలస్యం కాదు. ఆ రాయి దానంతటదే కంటికి తగులుతుంది. తర్వాత గాజులు తీస్తాను. సన్నటి ఎర్రగాజులు, లావుపాటి పచ్చగాజులు కలిపి కుప్పపోసి, అందులో ఒకే ఒక్క లావు ఎర్రగాజు వెతకమంటాను. ఇక చూడండి, ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ వెతుకుతారు. గాజులు పెరిగినకొద్దీ ఆలస్యమూ పెరుగుతుంది. ఒక్క రంగు తేడా అయితే కన్ను శ్రమ లేకుండా పట్టేస్తుంది. రంగునీ, లావునీ కలిపి చూడాలంటే మనసు ప్రతి గాజు దగ్గరా ఒక క్షణం ఆగాలి.

ఈ సంగతిని 1980లో ఒక సహచరుడితో కలిసి వివరించింది ఆన్ ట్రీస్‌మన్ అనే శాస్త్రవేత్త. బ్రిటన్‌లో పుట్టారు, 2018లో కన్నుమూశారు. ఆవిడ భర్త డేనియల్ కానమన్. 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది ఆయనకే. (ఆయన పేరు తెలిసినంతమందికి ఆవిడ పేరు తెలియదు. ఈ మాట అన్నందుకు నా విద్యార్థినులెవరూ ఆశ్చర్యపోలేదు!)

కానమన్ నోబెల్‌కి చాలా ముందే, 1960లలో, కంటిపాప మీద ప్రయోగాలు చేశారు. అంకెలు వినిపించి గుర్తుపెట్టుకోమంటే, ఒక్కో అంకె వింటున్నకొద్దీ కంటిపాప పెద్దదవుతూ వచ్చింది. తిరిగి ఒప్పజెబుతుంటే మళ్లీ చిన్నదైంది. మనసు మోసే బరువు కంటిలో అలా బయటపడుతుందన్నమాట.

దీన్ని మీరూ ఇంట్లో ప్రయత్నించవచ్చు. ఎవరినైనా కూర్చోబెట్టి సెకనుకొకటి చొప్పున నాలుగు అంకెలు చెప్పండి... 4, 8, 1, 7. ఒక్కో అంకెకి ఒకటి కలిపి వరసగా చెప్పమనండి. 5, 9, 2, 8 అనాలి. అది సులువనిపిస్తే మూడేసి కలపమనండి, పదులు వదిలేసి. 7, 1, 4, 0 రావాలి. మా విద్యార్థిని ఒకమ్మాయి వాళ్ల నాన్న మీద ప్రయోగించింది. రెండో అంకె దగ్గరే ఆయన "ముందు ఆ టీవీ కట్టెయ్యండర్రా!" అన్నారట.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. 1967లో కానమన్ బృందం ఇలాంటి లెక్క చేయిస్తూనే కళ్లముందు అక్షరాలు చకచకా మార్చి చూపించింది. వాటిలో 'కె' అక్షరం వచ్చిందా అని చివర్లో అడిగేవారు. లెక్క మొదట్లోనో, చివర్లోనో వచ్చిన 'కె'ని దాదాపు ఎవరూ వదిలిపెట్టలేదు. లెక్క బాగా బరువెక్కిన క్షణంలో వచ్చినదాన్ని మాత్రం దాదాపు సగంసార్లు చూడలేదు. ఆ క్షణంలో వాళ్ల కళ్లు విప్పారి సూటిగా ఆ అక్షరంవైపే ఉన్నాయనడానికి ఫొటోలున్నాయి! చూపు అక్కడే ఉంది, చూసే మనిషి మాత్రం లెక్కలో ఉంది.

2013లో అమెరికాలో 24 మంది రేడియాలజిస్టులకి ఊపిరితిత్తుల స్కానింగులిచ్చి, గడ్డలు వెతకమన్నారు. చివరి దాంట్లో ఒక గొరిల్లా బొమ్మ అతికించారు, మామూలు గడ్డకి 48 రెట్లు పెద్దది. అయినా 20 మంది దాన్ని చూడనేలేదు. వాళ్లంతా అందులో ఆరితేరినవాళ్లే. గడ్డ కోసం వెతికే కంటికి గొరిల్లా ఆనలేదు, అంతే.

తలలో ఎన్ని పనులు?

మా పక్కింటి కోడలు బ్యాంకులో పనిచేస్తుంది. 36 ఏళ్లు. ఓ సాయంత్రం ప్రహరీ గోడ దగ్గరకొచ్చి, "ఆంటీ, నాకు మతిమరుపు జబ్బు మొదలైందేమో. మంచి డాక్టరుంటే చెప్పండి" అంది. గొంతు సన్నగా వణుకుతోంది. బాబు స్కూలు డైరీలో టీచరు ఎర్రసిరాతో పరీక్ష తేదీ మారిందని రాసిందట. ఈ అమ్మాయి దాని కిందే సంతకం పెట్టింది, ఆ రాత మాత్రం చూడలేదు. వాడు చదవకుండానే పరీక్షకి వెళ్లాడు. "చదువుకున్నదానివి, ఆ మాత్రం చూసుకోలేవా" అన్నాడట భర్త. అత్తగారు ఏమన్నారో చెప్పలేదు. నేను అడగలేదు.

"సంతకం పెట్టేటప్పుడు నీ తలలో ఏమేం ఉన్నాయో చెప్పమ్మా" అన్నాను. వేళ్లు మడుస్తూ మొదలుపెట్టింది. బ్యాంకులో క్యాషు లెక్క అయిదు వందలు తేడా. అత్తగారి బీపీ మాత్రలు రెండే ఉన్నాయి. రేపు పనమ్మాయి రాదు. ఇడ్లీకి పప్పు నానబెట్టలేదు. గ్యాస్ వచ్చే టైముకి ఇంట్లో ఎవరుంటారు? రెండో చేతి మీదికి వచ్చాక తనే ఆగిపోయి నావంక చూసింది.

ఏకకాలంలో మనసు పట్టుకోగలిగినవి ఏడు, రెండు అటూ ఇటూ అని 1956లో జార్జ్ మిల్లర్ రాశారు. తర్వాత నెల్సన్ కోవన్ 2001లో లెక్క సవరించి, నిజానికి నాలుగే అన్నారు. ఈ అమ్మాయి పదివేళ్ల దాకా వచ్చింది. ఇక ఎర్రసిరా ఎక్కడ పడుతుంది?

అయితే అన్ని బరువులూ ఒకచోటే పడవు. మాటలకో గది, చూపుకో గది ఉన్నట్టు మనసు పనిచేస్తుందని 1974లో బ్యాడ్లీ, హిచ్ అనే ఇద్దరు ప్రతిపాదించారు. ఇది మనకు ముగ్గులతోనే తెలుసు. మెలికల ముగ్గు తిప్పుతూ ఎదురింటావిడతో ఎంతసేపైనా కబుర్లు చెప్పొచ్చు. కానీ పదిహేను చుక్కలు, సందుచుక్క ఎనిమిది వరకూ అని చుక్కలు పెట్టేటప్పుడు ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పుతుంది. లెక్కా మాటే, కబురూ మాటే. రెండూ ఒకే గదిలో తోసుకుంటాయి. కుక్కర్ కూతలు అంతే. ఫోన్లో ఎవరో నంబరు చెబుతుంటే, వచ్చిన కూత మూడోదో నాలుగోదో ఎవరికీ గుర్తుండదు.

'ఆడవాళ్లు ఒకేసారి నాలుగు పనులు చేయగలరు' అని పొగుడుతుంటారు చూడండి, ఆ పొగడ్త అంటే నాకు మంట. జర్మనీలో 2019లో 48 మంది ఆడవాళ్లకీ 48 మంది మగవాళ్లకీ రెండేసి పనులు కలిపి ఇచ్చి చూశారు. ఇద్దరిలో తేడా ఏమీ రాలేదు, ఇద్దరూ తడబడ్డారు. మరి అష్టావధానం మాటేమిటంటారా? ఏళ్ల తరబడి సాధనతో ఛందస్సు అవధాని ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది, గణాల కోసం వెతుక్కోనక్కర్లేదు. పైగా అప్రస్తుత ప్రసంగం చేసేవారు కూడా సభ మర్యాదలోనే మాట్లాడతారు. మన వంటింట్లో ఆ మర్యాద లేదు.

మధ్యలో కదిలించడం ఎంత ప్రమాదమో నర్సులనడగండి. ఆస్ట్రేలియాలో 98 మంది నర్సులు మందులిచ్చే తీరును గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మధ్యలో అడ్డు తగిలిన ప్రతిసారీ పొరపాట్లు సుమారు 12 శాతం చొప్పున పెరిగాయి. స్కూటీ మీద వెళ్తూ ఫోను హెల్మెట్‌లో దోపుకునే ఆడపిల్లలకీ ఒక మాట. యూటా విశ్వవిద్యాలయం 2001లో ప్రచురించిన ప్రయోగంలో, డ్రైవింగ్ లాంటి పని చేస్తూ ఫోన్లో మాట్లాడినవాళ్లు రెట్టింపుకన్నా ఎక్కువ సిగ్నళ్లు చూడకుండా వదిలేశారు. ఫోను చేత్తో పట్టుకున్నా పట్టుకోకపోయినా ఒకటే. చెయ్యి ఖాళీగా ఉంటే సరిపోదు, మనసూ రోడ్డుమీదే ఉండాలి. పక్కన కూర్చున్న మనిషైతే ఎదురుగా లారీ చూసి తనే మాట ఆపుతాడు. ఫోను అవతలి మనిషికి ఆ లారీ కనిపించదుగా!

ఇక ఇంటి సంగతి. మనదేశంలో 2019లో చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఇది చేతుల పని లెక్క. తలలో సాగే పనిని ఆలిసన్ డామింగర్ అనే సామాజిక శాస్త్రవేత్త 2019లోనే 35 జంటల్ని ఇంటర్వ్యూ చేసి రాసింది. ఏది అవసరమవుతుందో ముందే పసిగట్టడం, జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండడం... ఈ రెండూ ఎక్కువగా భార్యల మీదే పడుతున్నాయి. నిర్ణయం చేసేటప్పుడు మాత్రం ఇద్దరూ ఉంటారు!

అందుకే పక్కింటమ్మాయితో, 'సాయం అడగొద్దు, పని మొత్తంగా అప్పజెప్పు' అన్నాను. మాత్రలు తెమ్మని రోజూ గుర్తుచేస్తుంటే ఆ బరువు తన తలలోంచి దిగినట్టు కాదు. మామగారికి మాత్రల డబ్బా ఇచ్చేసింది, ఎన్ని ఉన్నాయో చూసుకోవడంతో సహా. డైరీ భర్త వంతు. మొదటి వారంలో ఆయన రెండుసార్లు మరిచిపోయాడు. "నువ్వే తీసేసుకోరాదూ" అన్నారట అత్తగారు. తీసుకోలేదు.

అయితే ప్రతి మరుపునీ పని ఒత్తిడి మీదికి నెట్టేయకండి. తెలిసిన వీధిలోనే దారి తప్పుతున్నా, అడిగిందే పదేపదే అడుగుతున్నా, రోజూ చేసే వంట వరస తప్పుతున్నా డాక్టర్ని కలవాల్సిందే. నిద్ర చాలకపోయినా, మనసు కుంగినా మరుపు వస్తుంది. థైరాయిడ్, బి12 లోపం వల్ల కూడా వస్తుంది. ఈ రెండూ మామూలు రక్తపరీక్షతో తెలుస్తాయి. పక్కింటమ్మాయినీ చేయించుకోమన్నాను. రెండూ సరిగ్గానే ఉన్నాయట. ఆ రిపోర్టు కాగితం తెచ్చి ఫ్రిజ్ తలుపు మీద అంటించింది, ఇంట్లో అందరికీ కనిపించేంత ఎత్తులో.