గాలి ఆగిందని గడప దాటొద్దు
తుపానుపై అపోహలు – వాస్తవాలు

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట చెవిన పడగానే కోస్తావాళ్లకు సగం కథ తెలిసిపోతుంది. ఆ తెలిసిందనుకోవడంలోనే చిక్కుంది. తాతల నాటి నుంచి చూస్తున్న తుపాన్లే కదా అన్న ధీమాలో కొన్ని తప్పుడు నమ్మకాలు కూడా వేళ్లూనుకున్నాయి.

అపోహ: తుపానంటే గాలి. ఇల్లు గట్టిదైతే చాలు.

1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని మింగింది ఉప్పెన. అధికారిక లెక్కే పదివేల దరిదాపుల్లో ఉంది. గాలి సముద్రాన్ని తోసుకుంటూ వస్తుంది. తీరం దగ్గర లోతు తక్కువ, ఆపైన డెల్టా నేల అరచేయిలా చదును. ఇక నీటికి అడ్డేముంది? ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ తుపాను దాటింది చీరాల, నిజాంపట్నం వైపు. మునిగింది దానికి ఉత్తరాన ఉన్న దివిసీమ. మన తీరంలో తుపాను పడమరగా కదిలేటప్పుడు, కేంద్రానికి ఉత్తరాన గాలి సముద్రం మీంచి నేల మీదికి వీస్తుంది. దక్షిణాన నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. అందుకే ‘మనకు దక్షిణంగా దాటిపోతుందట, గండం తప్పింది’ అనుకునే ఊరే అందరికంటే ముందు కదలాలి.

అపోహ: హెచ్చరిక నంబరు పెరిగేకొద్దీ గాలి పెరుగుతుంది.

రేవుల్లో ఎగరేసే నంబర్లు 1 నుంచి 11 దాకా ఉంటాయి. అవి ఓడల కోసం పుట్టినవి, పరీక్షలో మార్కుల్లాంటివి కావు. 5, 6, 7 మూడూ ఒకే స్థాయి ప్రమాదం. తుపాను రేవుకు ఏ పక్కగా పోతుంది, లేక నెత్తి మీదికే వస్తుందా అన్నదే వాటి మధ్య తేడా. 8, 9, 10 కూడా అంతే, కాకపోతే అక్కడ తుపాను తీవ్రమైనది. 11 అంటే మరీ భయంకరమైన తుపాను అని కాదు, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఊరివాళ్లు వెతకాల్సింది ఉప్పెన ఎన్ని మీటర్లు లేస్తుంది, ఏ మండలాల్లోకి వస్తుంది అన్న వాక్యం కోసం. పత్రికలవాళ్లం మాత్రం నంబరునే పతాక శీర్షికలో పెడతాం.

అపోహ: గాలి ఆగితే తుపాను వెళ్లిపోయినట్టే.

కాదు, మీరు దాని కన్ను (గాలి లేని నడిభాగం) కింద ఉన్నారేమో! కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. మొదటి గాలికి వదులైన చెట్టు, రేకు రెండోదానికి కూలుతాయి. సరిగ్గా ఆ మధ్యలోనే మనవాళ్లు గొడ్లను చూద్దామని బయటికొస్తారు.

అపోహ: జనం మొండివాళ్లు, చెబితే వినరు.

అధికారుల నోట ఎక్కువగా వినిపించే మాట ఇది. కదలని మనిషిని కూర్చోబెట్టి అడగండి. పడవ, వల, ఇంజను అప్పు మీద కొన్నవి. వాటికి కాపలా ఎవరు? గేదెకు షెల్టరులో చోటుందా? ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉందా? ‘పోయినసారి ఇలాగే తరిమారు, చినుకు రాలలేదు’ అన్నదీ కొట్టిపారేయాల్సిన మాట కాదు. ఈ ప్రశ్నలకు వేసవిలోనే జవాబు ఉండాలి. వాయుగుండం పుట్టాక వెతుక్కుంటే దొరకదు.

జవాబు దొరికిన చోట జనం కదిలారు. 1990 మేలో కృష్ణా తీరాన్ని కొట్టిన తుపాను బలంలో 1977 దానికి పెద్దగా తీసిపోదు. కానీ లక్షలమందిని ముందే తరలించడంతో మరణాలు వెయ్యిలోపే ఆగాయి. ఒడిశాలో 1999 తుపానులో దాదాపు పదివేలమంది పోయారు. 2013లో ఫైలిన్ తుపానుకు దాదాపు పది లక్షలమంది ఇళ్లు వదిలారు, మృతులు పదుల్లోనే. అక్కడ చాలా షెల్టర్లు మామూలు రోజుల్లో బడులు, వాటి బాగోగులు చూసేది ఊరి కమిటీ. రోజూ పిల్లలు తిరిగే గది తాళం ఎవరి దగ్గరుందో ఊరంతటికీ తెలుసు. ఏళ్ల తరబడి మూసి, పిచ్చిమొక్కలు మొలిచిన భవనంలోకి అర్ధరాత్రి వానలో పరుగెత్తమంటే ఎవరు పరుగెడతారు?

అపోహ: ఎలాగూ రక్షణ దళాలు వస్తాయి.

వస్తాయి, దారి తెరుచుకున్నాక. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు నగరంలోని వాతావరణ రాడారే మూగబోయింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. అంతటి నగరానికే ఆ గతి పడితే తీరం చివరి పల్లె మాటేమిటి? మొదటి గంటల్లో మనిషిని బయటికి లాగేది పక్కింటివాడే. ఊళ్లో మంచం పట్టిన ముసలివాళ్లు, నెలలు నిండిన గర్భిణులు ఎవరెవరో, వాళ్లను ఎవరు మోస్తారో ముందే రాసిపెట్టుకోవాలి. ఒక రంపం, తాళ్లు, బ్యాటరీ రేడియో అందుబాటులో ఉండాలి.

అపోహ: శవాలను వెంటనే తగలబెట్టకపోతే అంటురోగాలు.

నీటమునిగి, దెబ్బలు తగిలి పోయినవాళ్ల దేహాలతో మహమ్మారి రాదు. జబ్బులు తెచ్చేది బతికున్నవాళ్లు తాగే చెడ్డనీరు. బ్లీచింగ్ పొడి ముందు బావికి, ట్యాంకుకు చేరాలి. దేహాలకు ఫొటో తీసి, ఒంటిమీది గుర్తులు రాసుకుని, అయినవాళ్లు వచ్చేదాకా ఆగొచ్చు. తొందరపడి కుప్పగా కాల్చేస్తే ఆ ఇంటివాళ్లు మరణ ధ్రువపత్రం కోసం ఏళ్లకేళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతారు.