20 ఏళ్ల జిప్సీని ఆఫ్‌రోడ్‌కి రెడీ చేయడం: ముందు ఏం చేయాలి, దేని జోలికి పోకూడదు

మారేడుమిల్లి దగ్గర ఒక మట్టి దారిలో దిగుతున్నాం. పక్క సీట్లో మా బావ. బ్రేక్ తొక్కితే పెడల్ రోజూ ఆగే చోట ఆగలేదు. ఇంకా కిందికి పోయింది. మళ్లీ తొక్కా. ఇంకాస్త కిందికి పోయింది.

అదృష్టం ఏంటంటే, అప్పటికే బండి 4ఎల్‌లో సెకండ్ గేర్‌లో ఉంది. ఫస్ట్‌కి దించి, హ్యాండ్‌బ్రేక్ కొంచెం కొంచెంగా లాగుతూ, కొండ వైపు గట్టుకి ఆనించి ఆపా. దిగి చూస్తే ముందు కుడి చక్రం లోపలి వైపంతా బ్రేక్ ఆయిల్‌తో తడిసిపోయి ఉంది. రబ్బరు బ్రేక్ హోస్ పగిలింది. దాని ధర వందల్లోనే. అది పగలడానికి కారణం మాత్రం మూడు నెలల ముందు నేను ఎంతో మురిసిపోయి వేయించిన లిఫ్ట్ కిట్.

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూలు చదివే మనలాంటి వాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. ఏది కొన్నా ముందు యాక్సెసరీలు వెతుకుతాం. పాత ఎస్‌యూవీ విషయంలో అదే అలవాటు నన్ను ముంచింది. మీరు కూడా ఒక పాత జిప్సీ మీద కన్నేసి ఉంటే, నేను తలకిందులుగా చేసిన పనిని సరైన వరుసలో చెప్తా.

ఎందుకు జిప్సీయే?

మారుతి జిప్సీ మన దేశంలో 1985 డిసెంబర్‌లో వచ్చింది. మొదట 970 సీసీ ఇంజిన్. 1996లో 1.3 లీటర్ ఇంజిన్ వచ్చింది. 2000లో దానికి కార్బురేటర్ తీసేసి ఎంపీఎఫ్ఐ పెట్టారు. 2019 నాటికి మామూలు కొనుగోలుదారులకి అమ్మడం ఆగిపోయింది. అంటే 30 ఏళ్లకు పైగా దాదాపు అదే డిజైన్. సైన్యం, పోలీసులు, అటవీ శాఖ అందరూ వాడారు. కాబట్టి పార్టులు, పని తెలిసిన మెకానిక్‌లు ఇప్పటికీ దొరుకుతారు.

నాది 2004 ఎంపీఎఫ్ఐ మోడల్. స్పెక్ షీట్ ఇది:

- ఇంజిన్: 1298 సీసీ పెట్రోల్, 4 సిలిండర్లు, 16 వాల్వులు
- పవర్: 80 పీఎస్, టార్క్: 103 ఎన్ఎం
- గేర్‌బాక్స్: 5 స్పీడ్ మాన్యువల్, విడిగా లో రేంజ్ ఉన్న ట్రాన్స్‌ఫర్ కేస్
- సస్పెన్షన్: నాలుగు వైపులా కమాన్ కట్టలు, అంటే లీఫ్ స్ప్రింగులు
- బ్రేకులు: ముందు డిస్క్, వెనక డ్రమ్
- బరువు: సాఫ్ట్ టాప్ ఒక టన్ను లోపే
- ఏసీ, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్: లేవు

80 పీఎస్ అంటే ఈ రోజుల్లో మామూలు హ్యాచ్‌బ్యాక్ పవర్. కానీ బండి తేలిక. పైగా ట్రాన్స్‌ఫర్ కేస్‌లో హై రేంజ్ నిష్పత్తి 1.409 అయితే లో రేంజ్ 2.268. భాగిస్తే 1.6 రెట్లు. అంటే 4ఎల్‌లో చక్రాల దగ్గరికి చేరే బలం 1.6 రెట్లు పెరుగుతుంది, వేగం అంతే తగ్గుతుంది. ఎక్కేటప్పుడు ఇది ఎంత పనికొస్తుందో, దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగ్ రూపంలో అంతకంటే ఎక్కువ పనికొస్తుంది. ఆ రోజు మమ్మల్ని కాపాడింది ఈ 1.6.

ఒక హెచ్చరిక. ఇది పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్. మధ్యలో డిఫరెన్షియల్ లేదు. పొడి తారు రోడ్డు మీద 4హెచ్‌లో నడిపితే మలుపుల్లో ముందు, వెనక యాక్సిళ్లు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి. మట్టి, ఇసుక, బురద ఉన్నప్పుడే వేయాలి.

కొనేటప్పుడు: ఇంజిన్ కంటే తుప్పు ముఖ్యం

ఈ ఇంజిన్ బాగు చేయించుకోవచ్చు. ఛాసిస్ కుళ్లితే మాత్రం ఆశ వదులుకోండి. పెయింట్ మెరుపు చూసి మోసపోకుండా బండి కిందికి దూరి టార్చ్ వేసి చూడాలి. కమాన్ కట్టలు ఛాసిస్‌కి కలిసే షాకిల్ బ్రాకెట్లు, బాడీ మౌంట్లు, కాళ్ల దగ్గర ఫ్లోర్, ఈ మూడు చోట్లా స్క్రూడ్రైవర్‌తో తట్టండి. ఖంగుమంటే సరే. బొదబొదలాడితే ఇంటికి వచ్చేయండి.

కాగితాల విషయం ఇంకా జాగ్రత్త. ప్రైవేట్ కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి ముగుస్తుంది. తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్ల చొప్పున రెన్యువల్ చేస్తారు. ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు ఉండటంతో అక్కడి జిప్సీలు చవగ్గా కనిపిస్తుంటాయి. ఎన్‌ఓసీ చేతికి వచ్చి, మన ఆర్టీఓ దగ్గర రిజిస్టర్ అవుతుందని తేలాకే డబ్బులివ్వండి. 20 ఏళ్లు దాటిన కార్లకి రెన్యువల్ ఫీజు 2025లో 10 వేలకి పెంచారు. దాన్ని కూడా బడ్జెట్‌లో వేసుకోండి.

స్టేజ్ 0: ఒక్క యాక్సెసరీ కూడా కొనొద్దు

నేను దాటేసిన స్టేజ్ ఇదే. బండి వచ్చిన వారంలో లిఫ్ట్, పెద్ద టైర్లు, ఎల్‌ఈడీ బార్ ఆర్డర్ పెట్టేశా. చేయాల్సింది ఏంటంటే, బండిని ముందు కంపెనీ నుంచి వచ్చిన స్థితికి తేవడం.

ఆయిళ్లతో మొదలుపెట్టండి. ఇంజిన్ ఆయిల్ ఒక్కటే మారిస్తే చాలదు. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్, నాలుగింటికీ వేర్వేరు ఆయిల్. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్‌బాక్స్‌కి అతుక్కుని ఉండదు. మధ్యలో చిన్న షాఫ్ట్‌తో విడిగా వేలాడుతుంది. అందుకే చాలామంది దాన్ని మర్చిపోతారు. పాత ఆయిల్ పాల టీ రంగులో వస్తే లోపలికి నీళ్లు పోయినట్టు.

తర్వాత బ్రేకులు. అన్ని హోస్‌లు, వెనక వీల్ సిలిండర్లు, కొత్త బ్రేక్ ఆయిల్. హోస్ బయటికి బాగానే కనిపిస్తుంది. వంచి చూస్తేనే సన్నటి బీటలు తెలుస్తాయి. నేను ఒక్కసారి వంచి చూసి ఉంటే ఈ ఆర్టికల్ వేరేలా మొదలయ్యేది.

తర్వాత స్టీరింగ్. 60 దాటగానే స్టీరింగ్ గడగడా వణికితే అందరూ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అంటారు. పాత జిప్సీల్లో చాలాసార్లు అసలు దోషి ముందు యాక్సిల్ చివర ఉండే కింగ్‌పిన్ బేరింగులు. అవి అరిగి లూజ్ అయితే స్టీరింగ్ డాంపర్ ఎన్నిసార్లు మార్చినా వణుకు తిరిగి వస్తుంది.

చివరగా కూలింగ్, ఇంధనం. రేడియేటర్, థర్మోస్టాట్, హోస్‌లు చూడండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 2004 నాటి రబ్బరు దానికోసం తయారైంది కాదు. ఇథనాల్‌ని తట్టుకునే ఫ్యూయల్ హోస్‌లు వేయించండి. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది కాబట్టి ట్యాంకులో పెట్రోల్‌ని నెలల తరబడి ఉంచొద్దు.

ఇన్ని చేశాక బండి చూడ్డానికి ఏమాత్రం మారదు. ఫొటో పెడితే ఒక్క లైక్ కూడా రాదు. కానీ మీ ఖర్చులో సగం పైన ఇక్కడే అయితే, మీరు సరైన దారిలో ఉన్నట్టు.

టైర్లు: లెక్క వేసుకుని కొనండి

ఆఫ్‌రోడ్‌లో అన్నిటికంటే ఎక్కువ తేడా చూపించేది టైరే. ఇక్కడ కాస్త లెక్క ఉంది.

కంపెనీ సైజు 205/70 ఆర్15 అనుకుందాం. 205లో 70 శాతం 143.5. దానికి రెట్టింపు, ప్లస్ 15 అంగుళాల రిమ్ అంటే 381. మొత్తం వ్యాసం 668 మి.మీ. చాలామంది ఇష్టపడే 235/75 ఆర్15 అయితే 733.5 మి.మీ. తేడా 65 మి.మీ. కానీ యాక్సిల్ పైకి లేచేది అందులో సగమే, అంటే 33 మి.మీ.

దానికి ఇచ్చే మూల్యం చూడండి. వ్యాసం దాదాపు 10 శాతం పెరిగింది. స్పీడోమీటర్ 60 చూపిస్తే మీరు 66లో వెళ్తున్నారు. ప్రతి గేర్ 10 శాతం బరువెక్కుతుంది, అంటే ఆ 103 ఎన్ఎం టార్క్‌లో కొంత అక్కడే పోయినట్టు. పైగా అవే బ్రేకులు ఇంకా పెద్ద, ఇంకా బరువైన చక్రాన్ని ఆపాలి.

నేను చివరికి 215/75 ఆర్15 ఆల్ టెర్రైన్‌కి దిగొచ్చా. వ్యాసం 703.5, తేడా 5 శాతమే. బొలెరోకి వాడే సైజే కాబట్టి చిన్న ఊళ్లలో కూడా టైరు దొరుకుతుంది. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. ఇది కూడా కంపెనీ సైజు కాదు కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఇంకో ఫ్రీ అప్‌గ్రేడ్ ఉంది. గాలి తగ్గించడం. ఇసుక, బురదలో 18-20 పీఎస్ఐకి దించితే టైరు నేలని పట్టుకునే వైశాల్యం పెరుగుతుంది. ఇరుక్కున్న బండి చాలాసార్లు దీంతోనే బయటపడుతుంది. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపాలి. కాబట్టి ఒక మంచి గేజ్, ఒక 12 వోల్ట్ కంప్రెసర్ కొనండి.

లిఫ్ట్: నా తప్పు ఎక్కడ జరిగింది

నాకు లిఫ్ట్ వేసిన గ్యారేజీ వాళ్లు పొడవాటి షాకిళ్లు, అదనపు కమాన్ పట్టీ వేశారు. బండి రెండు అంగుళాలు లేచింది. చూడ్డానికి భలే ఉంది. కానీ బ్రేక్ హోస్‌లు పాత పొడవే. మామూలు రోడ్డు మీద సమస్య లేదు. గుంతలో చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడల్లా హోస్ తీగలా సాగేది. అసలే 20 ఏళ్ల రబ్బరు. మూడు నెలలు ఓర్చుకుంది.

వాళ్లని మాత్రమే అనడం న్యాయం కాదు. డెలివరీ రోజు బండిని జాక్ మీద లేపి, చక్రం వేలాడదీసి, ఏది బిగుసుకుంటుందో చూడమని నేనూ అడగలేదు. ఆఫీసులో రెండు లైన్ల కోడ్ మార్చినా టెస్ట్ చేయకుండా పంపం. ఇక్కడ మాత్రం సస్పెన్షన్, టైర్లు, లైట్లు ఒకే వారంలో మార్చేసి నేరుగా ఘాట్ ఎక్కా. ఒకేసారి అన్నీ మారిస్తే ఏ శబ్దం దేనివల్ల వస్తోందో కూడా తెలీదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి వచ్చిన వైబ్రేషన్‌ని రెండు వారాల పాటు కొత్త టైర్ల తప్పనుకున్నా.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌ని దాటి బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ప్రమాదం జరిగితే క్లెయిమ్ దగ్గర ఈ లిఫ్టే ముందు కనబడుతుంది.

తిరిగొచ్చాక లిఫ్ట్ పీకించేశా. కొత్త కమాన్ కట్టలు, కొత్త బుష్‌లు, మంచి షాక్ అబ్జార్బర్లు వేయిస్తే కుంగిపోయిన పాత బండి తన అసలు ఎత్తుకి వచ్చింది. కంపెనీ చెప్పిన 210 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్ నేను వెళ్లే దారులకి సరిపోతోంది.

మనకి నచ్చే భాగం: ఎలక్ట్రానిక్స్

మన దేశంలో ఓబీడీ తప్పనిసరి అయింది 2010 నుంచి. 2004 బండికి బ్లూటూత్ డాంగిల్ పెట్టి డేటా చదువుదామంటే కుదరదు. అందుకే ఒక ఈఎస్‌పీ32 బోర్డు, రెండు డీఎస్18బీ20 సెన్సర్లు, చిన్న ఓఎల్‌ఈడీతో సొంతంగా మీటర్ చేసుకున్నా. ఒక సెన్సర్ రేడియేటర్ పై హోస్‌కి, ఇంకోటి ట్రాన్స్‌ఫర్ కేస్‌కి బయట క్లాంప్ చేశా. ఆ సెన్సర్ 125 డిగ్రీల వరకు చదువుతుంది కాబట్టి ఈ పనికి చాలు. హోస్ పైన కొలిచేది లోపలి నీటి వేడి కంటే తక్కువే ఉంటుంది. అయినా రోజూ ఉండే అంకె తెలిస్తే, ఏ రోజు పెరిగిందో పట్టుకోవచ్చు.

వైరింగ్‌లో ఒకటే సూత్రం: ప్రతి కొత్త లైన్‌కీ బ్యాటరీ పక్కనే ఫ్యూజ్. 120 వాట్ల లైట్ బార్ 12 వోల్టుల దగ్గర 10 ఆంప్స్ లాగుతుంది. దాన్ని డాష్‌బోర్డ్ స్విచ్ గుండా నేరుగా పంపితే వైర్ కరుగుతుంది. రిలే పెట్టాల్సిందే.

మ్యాప్‌లు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఏజెన్సీలో సిగ్నల్ పోయినా ఫోన్‌లో జీపీఎస్ పని చేస్తుంది. పోయేది మ్యాప్ మాత్రమే. ఇంకో మాట, మ్యాప్‌లో దారి కనబడినంత మాత్రాన వెళ్లే హక్కు ఉన్నట్టు కాదు. రిజర్వ్ ఫారెస్ట్ అయితే అటవీ శాఖ అనుమతి తీసుకోండి.

ప్రతి ట్రిప్ తర్వాత నా చెక్‌లిస్ట్

- చక్రాల లోపలి వైపు ఆయిల్ తడి ఉందా
- కమాన్ కట్టల యూ బోల్టులు బిగువుగా ఉన్నాయా
- ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ జాయింట్లకి గ్రీజు
- నీళ్లు దాటితే డిఫరెన్షియల్ ఆయిల్ రంగు, బ్రీదర్ పైపులు
- ఛాసిస్ మూలల్లో బురద కడగడం, తుప్పు చూడటం
- బ్రేక్ హోస్‌లు వంచి చూడటం

మొత్తం గంట పని. ఆదివారం పొద్దున టిఫిన్ లోపు అయిపోతుంది.

ఎవరు కొనాలి? ఎవరు వద్దు?

ఇంట్లో ఉన్న ఒకే కారు ఇదే కావాలనుకుంటే వద్దు. ఎయిర్‌బ్యాగులు లేవు, హైవే మీద 80 దాటితే ఆనందం లేదు, మే నెల ఎండలో ఏసీ లేదు. 2023లో వచ్చిన జిమ్నీ ఇవన్నీ ఇస్తూ అదే లో రేంజ్ కూడా ఇస్తుంది. కాకపోతే 2023లో వచ్చినప్పుడే దాని ప్రారంభ ధర 12.74 లక్షలు.

మీకు విప్పి చూడటం ఇష్టమైతే, చేతికి గ్రీజు అంటితే చిరాకు లేకపోతే, పాత జిప్సీ కంటే మంచి గురువు దొరకదు. మన ఫోన్ పాడైతే కొత్తది కొంటాం. ఇది పాడైతే ఎందుకు పాడైందో వెతుకుతాం.

మొన్న మళ్లీ మారేడుమిల్లి వెళ్లాం. బావ ఎక్కే ముందు వంగి ముందు కుడి చక్రం లోపల చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉందని తేలాకే డోర్ తీశాడు.