ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు ఎవరిది?



తుపాను అంటే ఏమిటో గోదావరి డెల్టా వారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన గాలిని కళ్లారా చూసినవారు మన సంఘాల్లో ఇంకా ఎందరో ఉన్నారు. గాలి వెలిసిన మర్నాడు ప్రతి ఊరిలోనూ ఒక పరీక్ష మొదలవుతుంది. పడిపోయినవాడిని లేపుతామా, వాడి పాటు మనకు లాభం చేసుకుంటామా? మధ్యయుగంలో ఐరోపా తీరాలకూ మన ఆంధ్ర తీరానికీ ఇదే పరీక్ష ఎదురైంది. ఆ రెండు కథలూ మనం తెలుసుకోదగినవి.

ఆనాటి ఐరోపాలో చర్చి లేనిదే బతుకు లేదు. బిడ్డ పుడితే బాప్తిస్మం, మనిషి పోతే సమాధి, పండిన పంటలో పదో వంతు, పొద్దు తెలియడానికి గంట, అన్నీ చర్చి నుంచే. అయినా సముద్రంలో ఓడ పగిలి సరుకు ఒడ్డుకు చేరితే అది ఆ తీరాన్ని ఏలే దొరదే అనే ఆచారం చాలాచోట్ల సాగింది. సర్వం పోగొట్టుకుని ఈదుకుంటూ వచ్చిన వర్తకుడు తన మూటను మరొకరు మోసుకుపోతుంటే చూస్తూ నిలబడాల్సిందే.

ఈ దోపిడీ ఎంత ముదిరిందంటే, 1179లో రోములో పోపు మూడవ అలెగ్జాండరు జరిపిన లాటరన్ మహాసభ, ఓడ పగిలిన క్రైస్తవులను దోచుకునేవారు సొమ్ము తిరిగి ఇవ్వకపోతే వారిని సంఘం నుంచి వెలివేయాలని తీర్మానించింది. వెలి అనే శిక్ష సంఘంలో ఉన్నవారికే కదా! అంటే దోచుకున్నవారు ఆరాధనకు వచ్చేవారే. 1275లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు చట్టం మరో మెట్టు ఎక్కింది. ఓడ నుంచి ఒక మనిషి గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణాలతో బయటపడితే ఆ సరుకును దిక్కులేని సొమ్ముగా ఎంచకూడదు. సొంతదారు వస్తాడేమోనని ఏడాది మీద ఒక రోజు వరకు భద్రపరచాలి.

ఇంగ్లండు చట్టానికి ముప్పై ఏళ్ల ముందే మన తీరంలో ఒక రాజు ఇదే సంగతిని రాతి మీద చెక్కించాడు. చీరాలకు దక్షిణాన, నేటి బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లి కాకతీయుల పెద్ద రేవు. అక్కడి వీరభద్రాలయంలో గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం నేటికీ ఉంది. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని అది దాచకుండా చెబుతుంది. ప్రాణం కన్నా ధనాన్ని ఎక్కువగా ఎంచి సముద్రానికి తెగించి వచ్చేవారి మీద దయతో, ఇకపై నిర్ణీత సుంకం తప్ప తాము ఏమీ తీసుకోబోమని మాట ఇస్తుంది. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పైకి ఒక వంతు.

ఇందులో రాజుకు లాభం లేకపోలేదు. వర్తకులు ధైర్యంగా వస్తేనే రేవు నిండుతుంది. నిండింది కూడా. సుమారు యాభై ఏళ్ల తర్వాత వెనీసు యాత్రికుడు మార్కోపోలో తన గ్రంథంలో ఈ రేవు పేరు చెప్పి, ఇక్కడి సాలెగూడు లాంటి సన్నని బట్టలను, న్యాయంగా ఏలిన రాణిని మెచ్చుకున్నాడు. ఆ రాణి గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి అని చరిత్రకారులు అంటారు. అయినా మాకు నచ్చినది ఒకటుంది. కనికరాన్ని రాజు తన మనసు బాగున్న రోజుకు వదిలిపెట్టలేదు. రేపు తన అధికారే దోచుకోబోతే పరదేశి చూపించుకోవడానికి రాతి మీద రాసిపెట్టాడు. లాటరన్ తీర్మానం కాపాడింది క్రైస్తవులను. శివభక్తుడైన ఈ రాజు అభయం ఏ దేశపు వర్తకుడికైనా ఒకటే. ఈ మాట ఒప్పుకోవడానికి మనం సిగ్గుపడనవసరం లేదు, నేర్చుకోకపోతేనే సిగ్గు.

పౌలు ఎక్కిన ఓడ మెలితే దగ్గర పగిలినప్పుడు 276 మంది తడిసి ముద్దై ఒడ్డెక్కారు. సువార్త వినని ఆ ద్వీపవాసులు వారిని దోచుకోలేదు. వానకు, చలికి వణుకుతున్నారని నిప్పు రాజేశారు. తిరిగి ఓడ ఎక్కేనాడు కావలసిన సామాను తెచ్చి ఎక్కించారు (అపొ. కార్య. 28:2, 10). పగిలిన ఓడ నుంచి తీసుకోవడం లోకరీతి. బయలుదేరే ఓడలో పెట్టడం దేవుడు మెచ్చే రీతి.

ఇప్పుడు మన కల్లాల దగ్గరకు వద్దాం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ వానకు మన వైపు కూడా కోసిన వరి పనలు నీళ్లలో నానాయి. రాశి మొలకెత్తుతుంటే కౌలు రైతు బేరమాడలేడు. అయినకాడికి అమ్ముకుంటాడు, అడిగినంత వడ్డీకి అప్పు తెస్తాడు. ఆ రోజున కొనేవారిలో, తూకం వేసేవారిలో, అప్పు ఇచ్చేవారిలో, కౌలు అడిగే భూస్వాముల్లో మన విశ్వాసులు లేరా? ఓడ పగిలినప్పుడు దొర చేసిన పనికీ, తేమ పేరు చెప్పి బస్తాకు ఇష్టమొచ్చినంత తరుగు తీయడానికీ తేడా ఏమిటి?

తుపాను రాకముందే ప్రతి సంఘం ఒక తీర్మానం చేసుకుని పుస్తకంలో రాసుకోవాలని మా మనవి. నష్టపోయినవాడి దగ్గర ధర తగ్గించి కొనం, వడ్డీ పెంచం, ఆ ఏడు కౌలుకు పీడించం. తోటివాడు పోగొట్టుకున్నది కనబడితే చూడనట్టు పోకూడదని ధర్మశాస్త్రం కూడా చెబుతోంది (ద్వితీ. 22:1-3).

కనికరపడే మనసును, దాన్ని రాసిపెట్టుకుని నిలబడే ధైర్యాన్ని ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.