పట్టా ఉన్నది, పని ఏది?

హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి ఒక ఉదయం వెళ్ళి చూడండి. భుజాన సంచులు, చేతిలో మంచినీళ్ళ సీసాలతో యువతీయువకులు వరుసగా లోపలికి వెళుతుంటారు. పఠన మందిరం నిండిపోతే ఆవరణలో చెట్ల నీడన కూర్చుంటారు. వారు చదివేది కథలూ కావ్యాలూ కాదు, పోటీ పరీక్షల పుస్తకాలు. జిల్లాల నుంచి వచ్చి, ఇరుకు గదుల్లో కలిసి ఉంటూ, ఇంటి నుంచి వచ్చే డబ్బుతో ఏళ్ళ తరబడి చదువుతున్నవారు వీరిలో ఎందరో.

2022లో తెలంగాణలో 503 గ్రూప్-1 ఉద్యోగాలకు ప్రకటన వెలువడగా, సుమారు 3 లక్షల 80 వేలమంది దరఖాస్తు పెట్టారు. ప్రశ్నపత్రం ముందే బయటకు పొక్కినందున ప్రాథమిక పరీక్ష 2023 మార్చిలో రద్దయింది. అదే ఏడాది జూన్‌లో తిరిగి జరిపిన పరీక్షను హైకోర్టు రద్దుచేసింది.

ఈ రద్దీకి కారణమేమని అడిగితే, జనాభా పెరగడమేనని చాలామంది చెబుతారు. ఇందులో కొంత నిజం ఉన్నది. కాని, జననాల రేటు ఏనాడో తగ్గుముఖం పట్టింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం దేశంలో స్త్రీకి సగటున 1992-93లో 3.4 కాన్పులుండగా, 2019-21 నాటికి అవి 2కు దిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8 మాత్రమే. అయితే ఊయల నుంచి ఉద్యోగ ద్వారానికి ఇరవై ఏళ్ళకు పైబడిన ప్రయాణం. నేడు పని వెదుకుతున్నవారు పుట్టేనాటికి కుటుంబాలు ఇంకా ఇంత చిన్నవి కాలేదు.

రెండవ కారణం చదువు. 1951లో అక్షరాస్యులు నూటికి 18 మంది; 2011లో 74 మంది. 2021-22లో ఉన్నత విద్యలో చేరి ఉన్నవారు 4.33 కోట్లు. ఇది గర్వించదగిన విజయమే. కాని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో వెలువరించిన నివేదిక ఒక వింత చూపింది. 2022లో చదవను రాయను రాని యువజనులలో నిరుద్యోగం 3.4 శాతం, పట్టభద్రులలో 29.1 శాతం!

చదువు మనిషిని పనికిరానివాడిగా చేస్తున్నదని దీని అర్థం కాదు. నిరుపేదకు ఖాళీగా ఉండే స్తోమత లేదు. ఏ కూలి దొరికితే అది చేస్తాడు. లెక్కల్లో ఉద్యోగి అవుతాడు. పట్టభద్రుని వెనుక ఆశపడి చదివించిన కుటుంబం ఉన్నది. కనుక అతడు వేచి ఉండగలుగుతాడు. పట్టాలు పెరిగినకొద్దీ ఉద్యోగాల గడప కూడా ఎత్తు పెరుగుతుంది. పదో తరగతి చాలిన పనికి డిగ్రీ అడుగుతారు. ఈ పరిణామాన్ని రోనాల్డ్ డోర్ అనే ఆంగ్ల పండితుడు 1976లోనే ఒక రోగంగా వర్ణించాడు.

ఈ నిరీక్షణకు నగరమే ఎందుకు వేదిక? శిక్షణ కేంద్రాలు, కార్యాలయాలు అక్కడే ఉన్నాయి. నగరానికి మనిషిని రప్పించేది ఖాయమైన ఉద్యోగం కాదు, మంచి జీతం దొరకవచ్చునన్న ఆశ అని హారిస్, టొడారో అనే ఆర్థికవేత్తలు 1970లో వివరించారు. కనుక నగరంలో నాలుగు కొలువులు పుడితే, వాటికోసం పదిమంది బయలుదేరవచ్చు. 2023-24 ప్రభుత్వ సర్వేలో 15-29 ఏళ్ళవారి నిరుద్యోగం గ్రామాల్లో 8.5 శాతం, పట్టణాల్లో 14.7 శాతం. పని వెదికి విసిగి, పెళ్ళయి ఇంటికి పరిమితమైన యువతులు ఈ లెక్కలోకే రారు.

ఇంతమంది యువజనులు ఉండడం దానంతట అదే శాపమూ కాదు, వరమూ కాదు. దక్షిణ కొరియాలో 1960 తరువాత పెరిగిన యువతరాన్ని కర్మాగారాలు అక్కున చేర్చుకున్నాయి. మన పరిశ్రమలు ఆ స్థాయిలో పనులు కల్పించలేదు. పైగా మనకు వ్యవధి తక్కువ. పుట్టే పిల్లలు తగ్గుతున్నకొద్దీ, రేపటి వృద్ధుల భారం మోయవలసింది ఈ నిరీక్షిస్తున్న తరమే.

గ్రంథాలయం మూసేవేళ గదికి మళ్ళే యువకునికి ఇరవై ఎనిమిదేళ్ళు అనుకుందాం. ఇరవై రెండో ఏట పట్టా పుచ్చుకున్నాడు. రేపు ఉద్యోగం వచ్చినా, ఈ ఆరేళ్ళలో చేతికి అబ్బవలసిన పనిని ఏ పరీక్షా అతనికి తిరిగి ఇవ్వలేదు.